బుల్లెమ్మగారి కాశీపటం

సామ్రాజ్యమ్మ కాశీ నుంచి తెచ్చి పంచిన గంగ చెంబుల్లో ఒకటి వెనక్కి వచ్చేసింది.

మూత బిగించి సీలు వేసిన బుల్లి రాగి చెంబు అది. చల్లపల్లిలో ఇరుగుపొరుగంతా కళ్ళకద్దుకుని పుచ్చుకుని పూజ గూట్లో పెట్టుకున్నారు. విజయవాడలో ఉన్న వియ్యపురాలు బుల్లెమ్మ మాత్రం పుచ్చుకోలేదు. ఆవిడ కోడలు శ్రీదుర్గ, అంటే సామ్రాజ్యమ్మ సొంత కూతురు, ఆ చెంబును చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కి తల్లి దగ్గరికి తెచ్చింది. అత్తయ్య తీసుకోనంటున్నారని చెప్పి, పక్కకు తిరిగి నవ్వాపుకుంది. సామ్రాజ్యమ్మకు నవ్వు రాలేదు.

ఆ ఇద్దరు వియ్యపురాళ్ళ స్నేహం ఎలాంటిదో చుట్టాలందరికీ తెలుసు. పెళ్ళి పందిట్లో పప్పుచారులో ఉప్పు తగ్గిందని బుల్లెమ్మ వంక పెడితే, మీ మాటల్లో బోలెడుంది కదా కలుపుకోండి వదినగారూ అనేసింది సామ్రాజ్యమ్మ. పందిరంతా బిక్కచచ్చిపోయింది. బుల్లెమ్మ మాత్రం విస్తరి ముందు కూర్చునే పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో కలిసిన స్నేహం ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చెడలేదు. సామ్రాజ్యమ్మ భర్త పోయిన ఏడాది ఆమెను చల్లపల్లిలో ఒంటరిగా వదలకుండా కనిపెట్టుకుని ఉన్నది బుల్లెమ్మే. శివరాత్రి జాగారం ఇద్దరూ కలిసే చేసేవారు. వైకుంఠపాళి పటం పరుచుకుని గవ్వలు వేస్తూ కూర్చునేవారు. ఓడిన ఆటను వదిలేసి లేచే మనిషి కాదు బుల్లెమ్మ. పాము మింగితే ఆ పాముతోనే దెబ్బలాటకు దిగేది.

కాశీకి కూడా కలిసే వెళ్ళాలనుకున్నారు. యాత్రకు తీసుకెళ్ళేవాళ్ళకు ఇద్దరి పేర్లూ ఇచ్చారు. ప్రయాణం ఇంకో వారం ఉందనగా బుల్లెమ్మ కోడలిని వెంటబెట్టుకుని బీసెంట్ రోడ్డుకు వెళ్ళి ఎర్ర రంగు చక్రాల బ్యాగు కొనుక్కుంది. షాపులో ఆ బ్యాగు పిడి పట్టుకుని నిలబడి ఫొటో కూడా తీయించుకుంది. ఇంటి ముందు ఆటో దిగుతూ, బ్యాగుకు దెబ్బ తగలకూడదని దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని, తను పడింది. బ్యాగుకు గీత పడలేదు. ఆవిడ కాలికి కట్టు పడింది.

తన కోసం మానుకోవద్దని బుల్లెమ్మే పట్టుబట్టి సామ్రాజ్యమ్మను రైలెక్కించింది. అంతవరకూ బాగానే ఉంది. చెడింది కాశీలో.

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైన కాయో పండో అక్కడ గంగలో వదిలిపెట్టి రావాలి. అలా వదిలిన దాన్ని ఇక ఈ జన్మలో నోట పెట్టకూడదు. పడవలో పురోహితుడు ఏం వదులుతారమ్మా అని అడిగేసరికి సామ్రాజ్యమ్మ నోటి నుంచి సీతాఫలం అనే మాట దానంతటదే జారింది. ఆమెకు సీతాఫలం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తర్వాత, రాలేకపోయిన వదినగారు గుర్తుకొచ్చి గుండె కరిగింది. ఆవిడకూ పుణ్యం దక్కాలి అనుకుంది. పుణ్యం గట్టిగా దక్కాలంటే వదిలేది కూడా గట్టిదై ఉండాలి కదా అనుకుంది. గంగలో మూడుసార్లు మునిగి, బుల్లెమ్మ పేరు మీద చిన్నరసాలు వదిలేసింది.

వదిలి ఊరుకున్నా బాగుండేది. ఒడ్డుకు రాగానే తడి చీరతోనే ఫోనులో ఆ మాట చెప్పి, పక్కనే తన ఫొటో కూడా పెట్టి పంపింది.

బుల్లెమ్మ పుట్టిల్లు నూజివీడు. ఎండాకాలం వచ్చిందంటే ఆవిడ మంచం కింద గడ్డి పరిచిన బుట్టలో రసాలు మగ్గుతూ ఉండాల్సిందే. ఒక్కో పండూ తీసి, అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, మోచేతుల దాకా కారుతుంటే జుర్రుకుంటుంది. ఆ వేళ ఇంటికి ఎవరొచ్చినా పలకరింపు ఉండదు. అలాంటి మనిషి పేరు మీద రసాలు గంగలో కలిశాయి. ఆ కబురు విని బుల్లెమ్మ కోడలితో ఒకే ఒక్క మాట అందట. ఆవిడకేమో సీతాఫలం, నాకేమో రసాలూనా అని.

బుల్లెమ్మ కొడుకు పవన్‌కుమార్ అది లెక్కలోకి రాదని వాదించాడు. వాళ్ళ పంతులుగారు ఫోనులో అదే చెప్పారు, మనిషి దగ్గర లేకుండా వదిలింది ఆ మనిషికి అంటదని. బుల్లెమ్మ ఎవరి మాటా వినలేదు. నీళ్ళలో నిలబడి చెప్పిన మాట గంగమ్మ చెవిన పడనే పడింది, ఇప్పుడు తింటే ఈ కాలు కూడా కుదురుకోదు అంది. అది కోపంలో అన్న మాట కాదు. నిజంగానే భయపడుతోంది.

“వదిలింది గంగ దగ్గర. తెచ్చుకుంటే గంగ దగ్గరే తెచ్చుకోవాలి. ఈ కాలుతో నేను కాశీ ఎప్పుడు పోతాను, ఎప్పుడు తెచ్చుకుంటాను?” అని కోడలిని అడిగింది. ఆ తర్వాత సామ్రాజ్యమ్మ ఫోను చేస్తే తీయడం మానేసింది. రసాల కాలం దగ్గరికొచ్చేస్తోంది. అది వచ్చేలోగా ఎలాగైనా వదినగారి రసాలు వదినగారికి చేర్చాలి, ఆవిడ నోటి మాట తను తెచ్చుకోవాలి. సామ్రాజ్యమ్మకు అన్నం సయించక పోవడానికి కారణం అదొక్కటే.

ఫొటోలు చూపిస్తే మనసు మెత్తబడుతుందేమోనని మొదట ఆమెకు తోచింది. యాత్రలో ఆమె తీసినన్ని ఫొటోలు, రైలు దిగాక అందరినీ తిప్పిన బస్సులో ఇంకెవరూ తీయలేదు. గయకు చేరేసరికే ఫోను నిండిపోయి, ఇక జాగా లేదని మొరాయించింది. పొద్దున్నే వచ్చే శుభోదయాలన్నీ చెరిపేసి జాగా చేసుకుంది. ఇంటికొచ్చాక శ్రీదుర్గ వాటన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. బాగున్నవి ఒక వైపు, పనికిరానివి ఒక వైపు వేరుచేసి, ఈ చెత్తంతా తీసేద్దామమ్మా అంది. ఒక్కటి కూడా తీయడానికి వీల్లేదని సామ్రాజ్యమ్మ అడ్డం పడింది. చిటికెన వేలంత ఆ వస్తువు ఎక్కడ పోతుందోనని, ఆయన పోయినప్పటి నుంచి ఖాళీగా ఉన్న వెండి కుంకుమ భరిణెలో దాచింది. కాశీ మొత్తం అందులో పట్టడం ఆమెకు వింతగానే ఉండేది.

ఆ భరిణె పట్టుకుని ఒకరోజు విజయవాడ వెళ్ళింది. పటమటలో వాళ్ళింటి హాల్లో టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించి, బాగున్న ఫొటోలు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టింది. కాలు దిండు మీద పెట్టుకున్న బుల్లెమ్మ కాసేపు చూసింది. సంగమం దగ్గర సామ్రాజ్యమ్మ, అయోధ్యలో సామ్రాజ్యమ్మ, గయలో చెట్టు ముందు సామ్రాజ్యమ్మ.

“అన్నిట్లోనూ మీరే ఉన్నారు వదినగారూ,” అంది బుల్లెమ్మ. “కాశీ ఎక్కడుంది?”

అని కళ్ళు మూసుకుంది.

తిరుగు బస్సులో ఉయ్యూరు దాటేదాకా సామ్రాజ్యమ్మకు ఉడుకుమోత్తనంతో కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. పామర్రు వచ్చేసరికి ఆ మాట నిజమేననిపించింది. ప్రతి గుడికీ, ప్రతి నదికీ తనే అడ్డంగా నిలబడింది. పక్కవాళ్ళ చేతికి ఫోనిచ్చి మరీ నిలబడింది.

ఇంటికి వచ్చి కాఫీ కలుపుకుంది. కాఫీ చేతిలో లేకపోతే ఆమెకు ఏ ఆలోచనా నడవదు. యాత్రకు కూడా కాఫీ పొడి పొట్లం కట్టుకుపోయిన మనిషి. గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చుని, ఈసారి కూతురు చెత్త అన్న ఫొటోలు తెరిచింది. అవి ఆమె తీద్దామని తీసినవి కావు. ఫోను జారినప్పుడు, వేలు తగిలినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు పడినవి. నాగపూర్ స్టేషన్లో గంపెడు కమలాలు, వాటి వెనక ఎవరిదో చెయ్యి. అయోధ్యలో కళ్ళజోడు ఎత్తుకుపోతున్న కోతి తోక. గుడి బయట చెప్పుల గుట్ట. మనుషులే లేని ఘాట్ మెట్లు, పై నుంచి నీళ్ళ దాకా. విశ్వనాథుడి గుడి సందులో క్యూ, ముందు ఒక వంక తిరిగి, మళ్ళీ ఇంకో వంక తిరిగి, చివర కనిపించకుండా.

ఆ క్యూ ఫొటో దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. అందులో నిలబడ్డ పూట గుర్తొచ్చింది. ముందుకు పోయినట్టే పోయి, ఎవరో పెద్దమనుషులు వస్తున్నారని మళ్ళీ వెనక్కి నెట్టారు. అచ్చం పాము మింగినట్టే అనుకుంది. వెంటనే ముందటి ఫొటోకు పోయింది. పై నుంచి కిందికి మెట్లు. అవి నిచ్చెనలు.

ఫొటోలు చూడమంటే వదినగారు కళ్ళు మూసుకుంటుంది. ఆటంటే మూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే చల్లపల్లి సెంటర్లో ఫ్లెక్సీలు కొట్టే జాన్ పాల్ షాపు తలుపు తీయకముందే భరిణె పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. జాన్ పాల్ పుట్టినరోజులకూ, ఓణీల ఫంక్షన్లకూ, పెళ్ళిళ్ళకూ ఫ్లెక్సీలు చేసి చేసి చేయి తిరిగినవాడు. పైన మధ్యలో ఎవరి ఫొటో వేయాలి, కింద శుభాకాంక్షలు ఎవరివి అని అలవాటు చొప్పున అడిగాడు. ఎవరిదీ వద్దు, శుభాకాంక్షలు అసలే వద్దు, వైకుంఠపాళి కావాలి అంది సామ్రాజ్యమ్మ.

మొదట్లో అతనికి ఈ పని పట్టలేదు. కమలాల ఫొటో చూసి, ఇందులో ఏమీ లేదు కదమ్మా అన్నాడు. ఏమీ లేనివే కావాలి, నేను లేనివి కావాలి అని ఆమె చెప్పింది. అట్టడుగు గడిలో విజయవాడ స్టేషను, అక్కడి నుంచి ఖమ్మం, వరంగల్లు, నాగపూరు, ప్రయాగ, గయ, అయోధ్య, అలా మెలికలు తిరుగుతూ పైకి పోయి పైన కాశీ. కాశీ గడిలోకి మాత్రం ఏ గోపురమూ వద్దంది. పడవ ఒరిగినప్పుడు పొరపాటున పడ్డ ఫొటో ఒకటుంది, అందులో నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. అది చాలంది.

మధ్యాహ్నానికి జాన్ పాల్‌కే సరదా పుట్టింది. ఘాట్ మెట్లను కోసి నిచ్చెనలు చేశాడు. క్యూ ఫొటోలను సాగదీసి, వంచి, తోకలు సన్నం చేసి పాములు చేశాడు. కాశీకి ఒక్క గడి ముందు పెద్ద పామును పెట్టాడు. అంతా అయ్యాక బుర్ర గోక్కున్నాడు.

“దీనికి తలకాయ కావాలి కదమ్మగారూ. నెట్‌లోంచి ఏ నాగుపాముదైనా తీయమంటారా?”

సామ్రాజ్యమ్మ తెర వైపు వేలు పెట్టి చూపించింది. చెత్త ఫొటోల్లోనే ఉందది. ప్రయాగలో పూరీ తింటూ ఆమె నోరంతా తెరిచిన ఫొటో, శ్రీదుర్గ మొదట చెరిపేద్దామన్నది.

“అది పెట్టు.”

“మీదేనమ్మా ఇది.”

“నాదే. వదినగారి రసాలు మింగింది నేనే కదా.”

జాన్ పాల్‌కు సగమే అర్థమైంది. అయినా నవ్వుకుంటూ నాలుక కూడా చీల్చి పెట్టాడు. బీసెంట్ రోడ్డు షాపులో బుల్లెమ్మ బ్యాగు పట్టుకుని తీయించుకున్న ఫొటోను శ్రీదుర్గ చేత పంపించుకుని, దాన్ని దళసరి అట్ట మీద అంటించి, మనిషి ఆకారంలో కత్తిరించి, నిలబడేట్టు పీట అతికించాడు. సామ్రాజ్యమ్మకు పావు ఏదని అడిగితే చింతగింజ చాలంది.

మే నెల మొదటి ఆదివారం ఫ్లెక్సీని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, గంగ చెంబూ గవ్వల సంచీ బుట్టలో వేసుకుని ఆమె బస్సెక్కింది. ఏ మీటింగుకమ్మా అని కండక్టరు అడిగాడు. కాశీకి అని చెప్పింది.

పటమట ఇంట్లో బుల్లెమ్మ హాల్లోనే ఓ పక్కన వేసిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాలి కట్టు విప్పి చాలా రోజులే అయింది కానీ కర్ర లేకుండా నడవదు. మంచం కింద ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఎర్ర బ్యాగు ఉంది. రసాల బుట్ట ఉండాల్సిన చోటు అది. సామ్రాజ్యమ్మ పలకరించలేదు. హాల్లో నేల మీద ఫ్లెక్సీ పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, కాశీ గడిలో నీళ్ళ మీద గంగ చెంబు ఉంచింది. తర్వాత గట్టిగా కూతుర్ని పిలిచి, అత్తయ్య పావు పట్టుకుని నువ్వు ఆడవే అంది.

తల్లీ కూతురూ ఆట మొదలుపెట్టారు. శ్రీదుర్గకు గవ్వలు కలిపి వేయడం ఎప్పుడూ చేతకాదు. ఒకటి సోఫా కిందికి పోయింది, ఒకటి టీవీ బల్ల కిందికి దొర్లింది. మంచం కిర్రుమంది. కాసేపటికి మళ్ళీ కిర్రుమంది. మూడో గవ్వ మంచం దాకా దొర్లేసరికి ఇక ఆగలేకపోయింది బుల్లెమ్మ.

“గవ్వలు అట్లాగేనా వేసేది? బియ్యంలో రాళ్ళు ఏరి పారేసినట్టు? లే అక్కణ్ణించి.”

కర్ర ఊతంగా వచ్చి, కోడలు జరిపిన ముక్కాలిపీట మీద కూర్చుంది. తన పావును చూసింది. ఎర్ర బ్యాగు పిడి పట్టుకుని, కొత్త చీరలో, వరంగల్లు దగ్గర నిలబడి ఉంది తను. గవ్వలు చేతిలోకి తీసుకుని, ఊది, వేసింది.

నాగపూరు దాకా మౌనంగానే ఆడింది. కమలాల గడిలో పావు పెట్టి, వంగి చూసి, ఈ చెయ్యి ఎవరిదని అడిగింది. మీతో మాట్లాడుతున్నానని అనుకోకండి, ఆట కోసం అడుగుతున్నా అని కూడా కలిపింది. సామ్రాజ్యమ్మ అలాగే అనుకుని చెప్పింది. ఆ చెయ్యి కమలాలమ్మే ముసలావిడది. తనకు హిందీ రాదు, ఆవిడకు తెలుగు రాదు, రైలు కదిలేదాకా ఇద్దరూ బేరమాడారు. చివరికి ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలియలేదు. బుల్లెమ్మ పెదవి కొసన ఏదో కదిలింది కానీ దాన్ని అణిచేసింది.

అక్కడి నుంచి ప్రతి గడికీ ఒక ప్రశ్న. చెప్పుల గుట్టలో మీ చెప్పులు దొరికాయా అంటే, ఒకటి దొరికింది, రెండోది వేరేవాళ్ళది అని జవాబు. కోతి తోక గడిలో కళ్ళజోడు ఎవరిది అంటే, మా బస్సు డ్రైవరుది, ఆ పూటంతా అతని పక్కన కూర్చుని రోడ్డు మేము చెప్పాం అని జవాబు. మెట్ల నిచ్చెన దొరికినప్పుడు బుల్లెమ్మ తన కాలు ఒకసారి తడుముకుని, ఇవి ఎక్కడం సులువుగానే ఉంది అంది. అడ్డం ఎవరూ లేరు. గుళ్ళూ నదులూ రోడ్లూ ఆవిడ ముందే పరుచుకుని ఉన్నాయి. వాటిలో నడుస్తున్నది ఆవిడే.

కాశీ ఇక ఒక్క గడి అనగా పావు పెద్ద పాము నోట్లో పడింది. బుల్లెమ్మ పామును తిట్టడానికి నోరు తెరిచి, దాని తల మీదికి వంగింది. కళ్ళజోడు సర్దుకుని ఇంకా వంగింది. చీలిన నాలుక, బూరెల్లాంటి బుగ్గలు, నోట్లో సగం పూరీ.

“ఇది మీరేనా వదినగారూ?”

“నేనే వదినగారూ.”

పీట మీంచి పడిపోతుందేమోనని శ్రీదుర్గ వచ్చి పట్టుకోవాల్సి వచ్చింది. బుల్లెమ్మ నవ్వు పెళ్ళి పందిట్లో నవ్విన నవ్వే. ఆగినట్టే ఆగి, పాము వైపు చూసి, మళ్ళీ మొదలుపెట్టేది. వంటింట్లోంచి పవన్‌కుమార్ కూడా వచ్చి చూసి, అత్తగారి ముఖాన నవ్వడం బాగోదని వెనక్కి వెళ్ళి నవ్వాడు. సామ్రాజ్యమ్మ కళ్ళొత్తుకుంది. ఎందుకో ఆమెకే తెలుసు.

ఆ పాము బుల్లెమ్మను ఇంకా చాలాసార్లు మింగింది. ప్రతిసారీ ఆవిడ దాని ముక్కు మీద వేలితో ఒకటి వేసి, మళ్ళీ కింది నుంచి బయల్దేరింది. చివరికి గవ్వలు కరుణించాయి. ఎర్ర బ్యాగు పట్టుకుని ఆవిడ నీళ్ళ గడిలోకి చేరింది.

బుల్లెమ్మ గంగ చెంబు చేతిలోకి తీసుకుని, కళ్ళకద్దుకుని, సీలు ఊడదీసింది. దోసిట్లో కొంచెం నీళ్ళు పోసుకుంది. నిజంగా భయపడ్డ మనిషి నిజంగా అడిగినట్టు అడిగింది.

“తల్లీ, వచ్చాను. నడిచి రాలేకపోయాను, ఇట్లా వచ్చాను. నా రసాలు నాకిచ్చెయ్. బదులుగా నా నోటితో నేనే పొట్లకాయ వదులుతున్నాను.”

పొట్లకాయ మీరెప్పుడూ తినరు కదా అత్తయ్యా అంది శ్రీదుర్గ మెల్లిగా. వదలడానికి వీలుగా ఉంటుందనే ఇన్నాళ్ళూ తినలేదు అంది ఆవిడ. సీతాఫలాలు వదిలే ఆనవాయితీ మనకు తెలుసుగా అని వియ్యపురాలి వైపు ఓరగా చూసింది. నీళ్ళు తల మీద చల్లుకుంది. చెంబు కింద పెట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ దోసిలి పట్టింది.

“ఆగు తల్లీ, ఇంకొకటుంది. మా వదినగారు పక్కనే ఉన్నారు కానీ, నేను వదిలితే పుణ్యం ఎక్కువట. ఆవిడ పేరు మీద కాఫీ వదిలేస్తున్నాను.”

అప్పుడే, మధ్యలో లోపలికి వెళ్ళిన శ్రీదుర్గ రెండు గ్లాసుల కాఫీ తెచ్చింది. సామ్రాజ్యమ్మ చెయ్యి చాపింది. చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎవరికివ్వాలో తెలియక శ్రీదుర్గ ఇద్దరి ముఖాలూ చూసింది. బుల్లెమ్మ తన గ్లాసు తను తీసుకుని, ఇంత చిక్కటి కాఫీ ఈ మధ్య తాగలేదని మెచ్చుకుని, కొడుకును కేకేసి రసాలు తెమ్మని బజారుకు పంపింది.

“వదిలింది గంగ దగ్గర,” అంది తీరిగ్గా. “తెచ్చుకుంటే గంగ దగ్గరే తెచ్చుకోవాలి. వేయండి గవ్వలు.”

సామ్రాజ్యమ్మ చింతగింజను విజయవాడ స్టేషన్లో పెట్టింది. ఆమె నాగపూరు చేరేసరికి పవన్‌కుమార్ పళ్ళు తెచ్చాడు. ప్రయాగ చేరేసరికి బుల్లెమ్మ మొదటి పండు తొడిమ కొరికింది. రసం మోచేతుల దాకా కారి, అయోధ్యలో కోతి తోక మీద పడింది. ఫ్లెక్సీ కదా, తడిగుడ్డతో తుడిస్తే పోతుందిలే అని ఎవరూ పట్టించుకోలేదు. కాఫీ వాసనకు సామ్రాజ్యమ్మ గవ్వలు తొందరతొందరగా వేయసాగింది. కాశీకి ఒక్క గడి ముందు, నోరు తెరుచుకుని కూర్చున్న తన తలే తనను మింగి కింద పడేసింది.

“ఇంత పెద్ద నోరేంటండీ ఈ పాముకి,” అంది బుల్లెమ్మ రెండో పండు పిసుకుతూ.

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ మింగింది. శ్రీదుర్గ గ్లాసు లోపలికి తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చింది, మళ్ళీ చల్లారుతుంటే మళ్ళీ తీసుకెళ్ళింది. బుల్లెమ్మ చేతులు కడుక్కోకుండానే, వెళ్ళే కోడలిని ఆపి, మంచం కింద ఆ బ్యాగు మీది కవరు విప్పి ఎండలో పెట్టమంది, లోపల కొత్త వాసన పోవాలని.

సామ్రాజ్యమ్మ గవ్వలు దోసిట్లో గలగలలాడించి, వాటిని ఊది, కళ్ళు మూసుకుంది.

“మెల్లగా వేయండి వదినగారూ,” అంది బుల్లెమ్మ. “కాశీ ఎక్కడికీ పోదు.”